కాలు కదిలితే ఫిర్యాదు తీరినట్టే

మా మున్సిపల్ కమిషనర్ వరప్రసాద్ గారు రాజధానిలో ఏదో శిక్షణ శిబిరానికి వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వెళ్ళే ముందు రోజు కూడా మురుగు కాలవ విషయంలో నలుగుర్ని తిట్టి, ఇద్దరికి మెమోలిచ్చి, హాయిగా బయల్దేరారు. తిరిగొచ్చేసరికి మెడలో పట్టు కండువా, కళ్ళలో నీళ్ళు, నోట్లో కూనిరాగం. శిబిరం ఆఖర్న అధికారులందర్నీ గుండ్రంగా నిలబెట్టి, పాటలు పెట్టి, గెంతించారట. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నడూ లేనంత తేలిగ్గా అనిపించిందట ప్రాణం. ఆ తేలిక ఏదో తన దగ్గరే ఉంచుకుంటే బాగుండేది. ఊరందరికీ పంచాలనుకున్నారు.

సంగీతం గురించి పెద్దలు చెప్పిన మాట ఒకటుంది. పసిపిల్లలు, పశువులు, పాములు వస్తాయి అందులో. మీకూ తెలుసు, నాకూ తెలుసు, మళ్ళీ చెప్పి విసిగించను. ఇన్ని తరాలుగా ఆ వరసలో మున్సిపాలిటీ సిబ్బంది లేరు. ఆ లోటును మా కమిషనర్ గారు ఒక్క సర్క్యులర్‌తో పూడ్చేశారు.

నేను ఫిర్యాదుల విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. పేరు చెన్నకేశవులు. పాటకీ కుక్కరు కూతకీ నాకు తేడా తెలియదని మా ఆవిడ నలుగురిలో చెబుతుంటుంది. అయినా ఆ సర్క్యులర్‌ను మీటింగు హాల్లో చదివి వినిపించే భాగ్యం నాకే దక్కింది.

"పౌరుని వేదనకు మూలం సౌకర్యము లేకపోవుట కాదు, ఉల్లాసము లేకపోవుట అని ఇందుమూలముగా గ్రహించడమైనది" అని మొదలైంది అది. ఇక మీదట ఫిర్యాదులన్నీ గానరూపంలోనే స్వీకరించాలి. ఆఫీసులో పాట మొదలైతే సిబ్బంది యావన్మందీ లేచి నిలబడి అడుగు కలపాలి. పాటను మధ్యలో ఆపడం కళకు జరిగే అవమానం గనక క్రమశిక్షణా చర్య తప్పదు. పాట పూర్తయ్యేదాకా ఎంతటి అధికారీ కుర్చీలో కూర్చోరాదు, కమిషనరుతో సహా. అన్నిటికన్నా చివరిది అసలైన నిబంధన. "ఫిర్యాదుదారు పాదము గానీ, పాదములోని ఏ భాగము గానీ పాటకు కదిలినచో, సదరు ఫిర్యాదు పరిష్కృతమైనట్లు భావించవలెను."

కదిలిందో లేదో చూడ్డానికి ఒక మనిషి కావాలి కదా. నాకు పాట తెలియదు గనక పాటలో మునిగిపోయే ప్రమాదం లేదని, పాద పరిశీలకుడిగా నన్నే వేశారు. బల్ల ముందు పీట వేసుకుని కూర్చుని జనం కాళ్ళు చూడ్డం నా ఉద్యోగమైపోయింది. పీట కుర్చీ కిందికి రాదని మేనేజరు గారు ఖరారు చేశారు.

ఇక పాడ్డం రాని ఫిర్యాదుదారు తరఫున పాడ్డానికి ఉల్లాస బృందం. ఇంటి పన్ను వసూలు చేసే ఆయన గాత్రం. శానిటరీ ఇన్‌స్పెక్టరు హార్మోనియం. ఇంటి ప్లాన్లు మంజూరు చేసే అమ్మాయి చిన్నప్పుడు నాట్యం నేర్చుకుందని తెలిసి ఆమె టేబుల్ తీయించేశారు. డోలుకు మనిషి దొరక్క వెతుకుతుంటే, నీళ్ళ విభాగంలో ఫిట్టరు పుల్లన్న పెళ్ళిళ్ళలో డోలు వాయిస్తాడని ఎవరో చెప్పారు. ఊళ్ళో ఏ వాల్వు ఏ మూల ఉందో, దాన్ని ఎటు తిప్పితే ఎవరికి నీళ్ళొస్తాయో తెలిసిన మనిషి అతనొక్కడే. మర్నాటి నుంచి పానా కొట్లో, పుల్లన్న వరండాలో.

పథకం బ్రహ్మాండంగా సాగిందని నేను ఒప్పుకోవాలి. దోమల మీద ఫిర్యాదు తెచ్చిన పెద్దమనిషి మా వరండాలోనే దోమ కుట్టి కాలు విదిలించాడు. తీరినట్టు రాశాను. వీధి దీపం లేక గుంటలో పడ్డ లెక్చరరు గారు కట్టుకట్టిన కాలు నొప్పికి ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చుకున్నారు. అదీ తీరింది. ఆయన తీరలేదని అరవబోతే మా బృందం కొత్త పాట ఎత్తుకుంది. వారం తిరిగేసరికి మా ఊళ్ళో తీరని ఫిర్యాదు లేదు. రాష్ట్రంలో మొదటి ఉల్లాస పురపాలక సంఘంగా మమ్మల్ని ప్రకటించడానికి శుక్రవారం రాజధాని నుంచి మదింపు బృందం వస్తోందని ఉత్తరం కూడా వచ్చింది.

అప్పుడొచ్చింది దిన్నెమీద వీధి నుంచి నాగసుబ్బమ్మ. పొడగరి, చేతిలో ఖాళీ బిందె, మొహంలో నవ్వన్నది లేదు. గాత్రం ఆయన శ్రుతి చూసుకుని, "రాగం మీ ఇష్టమమ్మా, మొదలుపెట్టండి" అన్నాడు.

"నేను పాడేదానికి రాలేదు సార్, చెప్పేదానికి వచ్చినా" అందామె. "మా వీదికి నీళ్ళొచ్చి శానా దినాలైంది. నా కూతురు భార్గవి కాన్పుకొచ్చింది. ఆడబిడ్డ పుట్టింది. శుక్రవారం పురిటి నీళ్ళు పోయాల. కింద వీదిలోకి పోయి బిందె బిందె అడుక్కొస్తాండాం. బిడ్డకు మొకం తుడిచేకే సరిపోతాండాయి."

"గద్యం" అన్నాడు గాత్రం ఆయన నా వైపు తిరిగి, జాలిగా.

నిబంధన ప్రకారం ఆమె తరఫున బృందమే పాడింది. హార్మోనియం, డోలు, నాట్యం అన్నీ నడిచాయి. నేను వంగి ఆమె కాళ్ళు చూశాను. దుమ్ము పట్టిన కాళ్ళు, పగిలిన మడమలు. బొటనవేలు కూడా కదల్లేదు. పాట అయిపోయింది. రెండో పాట పాడారు. ఆమె డోలు వాయిస్తున్న మనిషిని మాత్రమే చూస్తోంది.

"ఏం పుల్లన్నా, నువ్వీడుండావా?" అంది. "పల్లం వాల్వు తిరగడంలేదని, అది మూస్తేనే దిన్నెకు నీళ్ళెక్కుతాయని నువ్వే కదప్పా చెప్తివి."

పుల్లన్న డోలు ఆపకుండానే, "ఏం చేద్దునక్కా, డ్యూటీ" అన్నాడు, కళ్ళు దించుకుని.

కాలు కదలని ఫిర్యాదు మా రికార్డులో అదే మొదటిది. కమిషనర్ గారికి చెబితే వారి మొహం వాడిపోయింది. శుక్రవారం నాటికి ఆ పాదం కదలకపోతే పురస్కారం పోతుంది. ఒక గంట వాల్వు దగ్గరికి పుల్లన్నను పంపితే సరిపోతుంది కదా అని నేను నసిగాను.

"కేశవులు గారూ, వ్యాధికి మందు వేరు, లక్షణానికి మందు వేరు" అన్నారు కమిషనర్ గారు. "నీరు ఇచ్చినచో ఆమె దాహము మాత్రమే తీరును. మనం ఆమెను దాహమునకు అతీతముగా తీసుకుపోవలెను. ఉల్లాస రథం పంపండి."

ఉల్లాస రథమంటే మా నీళ్ళ ట్యాంకరే. రంగులు వేసి, పైన పలకలు పరిచి, మైకులు కట్టారు. మొదట్లో నీళ్ళతోనే తిప్పుదామనుకున్నారు గానీ, లోపల నీళ్ళు కదిలినప్పుడల్లా పైన నాట్యం చేసే అమ్మాయి అడుగు తప్పుతోందని ఖాళీ చేయించారు.

ట్యాంకరు దిన్నె ఎక్కుతుంటే ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఉరికొచ్చారు. ఆ రావడం చూసి కమిషనర్ గారు, "చూశారా, గానం ఎలా ఆకర్షిస్తుందో" అన్నారు. ట్యాంకరు కొళాయి తిప్పి చూసింది సుంకమ్మ అనే ముసలావిడ. లోపలి నుంచి హార్మోనియం మోత తప్ప ఏమీ రాలేదు. ఆమె అన్న మాట నేనిక్కడ రాయలేను.

పాట మొదలైంది. నాగసుబ్బమ్మ తన వాకిట్లో నిలబడింది, చేతుల్లో మనవరాలితో. ఆమె పాదాలు ఎప్పటిలాగే ఉన్నాయి. కానీ మైకు మోతకు ఉలిక్కిపడి ఆ పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తూ రెండు కాళ్ళూ ఝాడించింది.

"కదిలింది" అన్నారు కమిషనర్ గారు. "పెద్దలు పసిపిల్లలను ఊరకే చేర్చలేదయ్యా ఆ మాటలో. రాసుకోండి."

"సార్, ఫిర్యాదు ఇచ్చింది అమ్మమ్మ..."

"కుటుంబ సభ్యులు. ఒకే రేషన్ కార్డు."

"పాపకి ఇంకా పేరు కూడా పెట్టలేదు సార్. రేషన్ కార్డులో ఎట్లా ఉంటుంది?"

"పేరు వచ్చాక చేర్చుకోవచ్చు. రాయండి."

తీరినట్టు రాశాను. నాకు సిగ్గనిపించిందా అంటే అనిపించింది. రాయడం ఆపానా అంటే ఆపలేదు.

ట్యాంకరు వెనక్కి తిరుగుతుంటే నాగసుబ్బమ్మ నా దగ్గరికొచ్చింది. బిడ్డ ఇంకా వెక్కుతోంది. తిడుతుందనుకుని తల దించుకున్నాను.

"సార్, పాట మద్దెలో ఆపగూడదని మీ రూలంటనే, నిజమేనా?"

"నిజమే" అన్నాను.

"మీ సారు గూడా కూర్చోగూడదా?"

"ఎంతటి అధికారీ కూర్చోకూడదని ఉందమ్మా."

"పాట అయిపోయిందని ఎవురు చెప్పాల?"

సర్క్యులర్ జేబులోనే ఉంది. తీసి చూశాను. "పాడేవాళ్ళే చెప్పాలి."

"సరే పోయిరా సార్" అంది. నేను ఆ వీధికి వచ్చాక ఆమె మొహం కాస్త తేటపడింది అప్పుడే.

శుక్రవారం వచ్చింది. మదింపు బృందం దిగింది. దాని అధ్యక్షురాలు డాక్టర్ హైమవతి గారు పొందూరు చీర, నల్లకళ్ళద్దాలు, వెనక ఇద్దరు సహాయకులు. కమిషనర్ గారు మెట్ల దగ్గర దండ వేసి, "ఈ కార్యాలయమున కన్నీరు లేదు మేడం" అంటుండగా గేటు దగ్గర చెక్కల చప్పుడు వినిపించింది. దిన్నెమీద వీధి ఆడవాళ్ళు వస్తున్నారు. చంకలో ఖాళీ బిందెలు, చేతుల్లో చెక్కభజన చెక్కలు. ముందు నాగసుబ్బమ్మ, పక్కనే సుంకమ్మ.

"పౌరులు తమంతట తామే పాడుతూ విచ్చేస్తున్నారు" అన్నారు హైమవతి గారు, కళ్ళద్దాలు తీసి. కమిషనర్ గారు కండువా సర్దుకుని వెలిగిపోయారు. ఆ ఆనందం ఆయన మొహంలో చూసినవాళ్ళకి, తర్వాత జరిగింది తలుచుకుంటే కొంచెం జాలేస్తుంది.

వాళ్ళు వరండాలో బిందెలు దించి, చుట్టూ తిరుగుతూ చెక్కలు వేసి, బిందె పాట ఎత్తుకున్నారు. ఆ పాట దిన్నెమీద వీధిలో పుట్టినవాళ్ళందరికీ వస్తుంది. వీధి కొళాయికి నీళ్ళొచ్చినప్పుడు తోపులాట లేకుండా వాళ్ళ పెద్దవాళ్ళు పెట్టుకున్న పద్ధతి అది. ఒక్కో ఇంటి పేరూ పెట్టి పాడుతుంటే ఆ ఇంటి బిందె నిండుతుంది. నిండగానే అందరూ కలిసి "నిండె" అంటారు, పక్కింటి పేరు ఎత్తుకుంటారు. వీధిలో ఆఖరి బిందె నిండితేనే పాట అయిపోయినట్టు.

"నిండవే బిందె నిండవే, సుంకమ్మ వాకిట నిండవే" అంటోంది నాగసుబ్బమ్మ.

"నిండలేదే నిండలేదే" అంటున్నారు మిగతావాళ్ళు, సుంకమ్మ బిందెలోకి తొంగిచూసి.

సిబ్బంది లేచి అడుగు కలిపారు. కమిషనర్ గారు కండువా ఎగరేస్తూ వరసలో చేరారు. హైమవతి గారూ, సహాయకులూ కూడా. పుల్లన్న డోలు ఆ రోజు మొదటిసారి మనసుపెట్టి మోగింది. బాగుంది, ఒప్పుకోవాల్సిందే. మేనేజరు గారు మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి ఎగిరారు.

టీ వేళ అయింది. సుంకమ్మ బిందె నిండలేదు. భోజనాల వేళ అయింది. అతిథుల కోసం తెచ్చిన పలావు హాల్లో చల్లారిపోతోంది. సుంకమ్మ బిందె నిండలేదు. ఆడవాళ్ళలో సగంమంది నీడన కూర్చుని సద్దిమూటలు విప్పితే మిగతా సగం పాడారు. వాళ్ళు తిని లేచాక వీళ్ళు కూర్చున్నారు. మాకు ఆ వీలు లేదు. హైమవతి గారి సహాయకుల్లో ఒకాయన గోడకు ఆనుకుంటే, ఆనుకోవడం కూర్చోవడం కిందికి వస్తుందా రాదా అని మేనేజరు గారు ఎగురుతూనే ఆలోచించారు.

చివరికి కమిషనర్ గారు గెంతుతూనే నాగసుబ్బమ్మ పక్కకి చేరారు. చెమటకు కండువా మెడకు అంటుకుపోయింది.

"అమ్మా, కళకు విరామము కూడా ఒక అలంకారమే."

"మా పాటకు ల్యాదు సార్."

"ఈ గేయము ముగియుటకు షరతు ఏమి?"

"బిందె నిండాల."

"నిండినట్లు భావించినచో?"

"అనుకుంటే అనుకున్నంతసేపు నిండుతాది సార్. చంకనేసుకుంటే బరువుండదు" అందామె, చెక్క వేస్తూనే.

పుల్లన్న డోలు మీద నుంచి, "నన్నిడిస్తే గంటలో ఆ వాల్వు బిగిస్తా సార్. మొదట్నించీ చెప్తానే ఉండా" అన్నాడు.

"డోలు ఆగరాదు కదయ్యా" అన్నారు కమిషనర్ గారు. ఆ నిబంధన రాసింది తామేనని వారికి గుర్తుంది. చుట్టూ చూశారు. హార్మోనియం ఆయన వేళ్ళు బిగుసుకుపోయాయి. గాత్రం ఆయనకి గొంతు లేదు. నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు. ఇక మరో దారి లేక, మా కమిషనర్ గారు పుల్లన్న మెడలోంచి డోలు తీసి తమ మెడలో వేసుకున్నారు. ఎలా కొట్టాలో తెలియక రెండు చేతులతో ఫైళ్ళ మీద స్టాంపు వేసినట్టు కొట్టడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు చెక్కల వేగం తగ్గించి ఆయనకి తగ్గట్టు అడుగు మార్చుకున్నారు. పుల్లన్న పానా తీసుకుని సైకిలెక్కాడు.

సుంకమ్మ మనవడు దిన్నె మీద నుంచి ఫోను చేశాడు. కొళాయిలో గాలి వస్తోందట. పాట ఆపకుండా ఆడవాళ్ళు బిందెలు చంకనేసుకుని గేటు దాటారు. పాట వెళ్ళిపోతోంది, అయిపోలేదు. అంచేత మేమంతా వెనక నడిచాం. నడవడమేమిటి, ఎగిరాం. ముందు చెక్కలు, వెనక డోలుతో కమిషనర్ గారు, ఆ వెనక చెప్పులు చేతబట్టుకుని హైమవతి గారు, తర్వాత మొత్తం ఆఫీసు. బజారంతా నిలబడి చూసింది. వీధి దీపం ఫిర్యాదు తెచ్చిన లెక్చరరు గారు అరుగు మీద నుంచి మా కాళ్ళన్నీ శ్రద్ధగా పరిశీలించారు.

దిన్నె ఎక్కేసరికి కొళాయి బుస్సుమని, ఎర్రగా కక్కి, తేటపడింది. సుంకమ్మ బిందె నిండింది. "నిండె" అన్నారందరూ. ఆ అరుపు ముందు మా ఉల్లాస బృందం పాటలన్నీ దిగదుడుపే. అక్కడి నుంచి ఇల్లు ఇల్లు దాటుకుంటూ పాట సాగింది. ప్రతి పేరుకీ ఒక చరణం, ప్రతి బిందెకీ ఒక కేక. ఆఖరి బిందె నాగసుబ్బమ్మది. అందర్నీ ముందు పెట్టి తను చివర నిలబడింది. అది నిండగానే చెక్కలు ఆగిపోయాయి. కమిషనర్ గారు డోలుతో సహా గుమ్మం మీద కూలబడ్డారు. ఎవరో చెంబుతో నీళ్ళిచ్చారు. గటగటా తాగి, "అమృతం" అన్నారు. దాహమునకు అతీతముగా పోవడం గురించి ఏమీ అనలేదు.

హైమవతి గారు అక్కడే తన రిపోర్టు సహాయకుడికి చెప్పి రాయించారు. గానప్రభావం వల్ల నీరు స్వయముగా మిట్టకు ఎగబ్రాకినట్లు బృందము కళ్ళారా చూసినది. కావున రాష్ట్రమంతటా మోటార్ల స్థానమున డోళ్ళు ప్రవేశపెట్టుటను పరిశీలించవచ్చును. వాల్వు బిగించి వచ్చి చేతులు కడుక్కుంటున్న పుల్లన్న ఆ మాట విని, పానాను మెల్లగా చొక్కా వెనక దాచుకున్నాడు.

అందరూ వెళ్ళాక నేను ఆగాను. పెరట్లో నీళ్ళు కాగుతున్నాయి. భార్గవికి పురిటి నీళ్ళు పోశారు. తర్వాత నాగసుబ్బమ్మ కాళ్ళు చాపుకుని, వాటి మీద మనవరాలిని పడుకోబెట్టి, గోరువెచ్చని నీళ్ళు దోసిలితో పోసింది. పిల్ల మొదట ఏడ్చింది, తర్వాత ఊరుకుంది, నీళ్ళు పడుతుంటే కళ్ళు మూసుకుంది. నాగసుబ్బమ్మ ఏదో పాడుతోంది, చాలా చిన్నగా, పిల్లకి మాత్రమే వినపడేలా.

"బాగా పాడతావమ్మా" అన్నాను. "ఆ రోజు ఆఫీసులో పాడి ఉంటే..."

"మేం నీళ్ళొస్తే పాడేవాళ్ళం సార్" అంది. "మీరు నీళ్ళీకుండా పాడమంటిరి."

పిల్లను బోర్లా తిప్పుతూ ఆమే, "రాసుకో సార్, నాగసుబ్బమ్మ ఫిర్యాదు తీరిందని. మీకూ ఒక పని అయిపోతాది" అంది.

రాసుకుందామని ఫిర్యాదుల రిజిస్టరు తెరిచాను. అక్కడ ఆ ఫిర్యాదు ఎప్పుడో తీరినట్టు రాసి ఉంది, నా చేతిరాతే. ఒకసారి తీరిన ఫిర్యాదు మళ్ళీ తీరడానికి మా ఆఫీసులో వీల్లేదు. అదే చెప్పాను ఆమెకి, తల వంచుకుని.

నాగసుబ్బమ్మ నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. "అయితే ఏం రాయాకు. ఊరికే నిలబడు సార్" అని, పిల్ల వీపున నీళ్ళు పోస్తూ మళ్ళీ అందుకుంది.

నిలబడ్డాను. కాసేపటికి ఆమె నా కాళ్ళ వైపు చూసి నవ్వు ఆపుకుంది. నేనూ కిందికి చూశాను. కుడికాలు ఎప్పటి నుంచి ఆడుతోందో నాకు తెలియదు. అది ఎక్కడా రాయలేదు.